పచ్చగుర్తు

ఆసుపత్రిలో రోగుల వివరాలు దాచే పెద్ద స్టోరేజీ మిషను మళ్ళీ లేవనంతగా చచ్చిపోయి రెండు గంటలైంది. కింద కౌంటర్ల ముందు జనం మెట్లదాకా బారులు తీరారు. పై అంతస్తులో, ఎముకలు కొరికే చలిగదిలో, నకళ్ళక్క శాలువా కప్పుకుని స్క్రీను ముందు కూర్చుంది. ఆమెలో కంగారేమీ లేదు. ఇలాంటి రోజు కోసమే కదా పదకొండేళ్ళుగా తన ఉద్యోగం.

ఆమె పని చెప్పుకోవడానికి ఒక్క ముక్క. ఇక్కడి మిషనులో చేరిన ప్రతి రోగి వివరమూ పావుగంట తిరిగేలోపు వీధి అవతలి భవనంలోని రెండో మిషనుకు నకలు వెళ్ళాలి. ఒకటి పడిపోతే రెండోది ఆదుకోవాలి. అందుకే డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల వరకు అందరికీ ఆమె నకళ్ళక్కే అయింది. కాంట్రాక్టు ఉద్యోగం. జీతం పద్దెనిమిది వేల దగ్గర ఆగి నాలుగేళ్ళయింది. అయినా తన పని మీద ఆమెకు గర్వం.

ఫోన్ మోగింది. క్యాన్సర్ రోగులకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టే గదిలోని టెక్నీషియను.

“అక్కా, కుట్టుపని చేసుకునే ఆవిడ పొద్దున్నుంచీ కూర్చుంది. ఎన్ని సిట్టింగులయ్యాయో, ఎంత మోతాదు పడిందో చెప్తే మొదలుపెడతాను.”

“ఒక్క నిమిషం.”

రెండో మిషను తెరిచింది. కుట్టుపని ఆవిడ పేరే లేదు. ఇంకో రోగిని వెతికింది. ఉన్నాడు గానీ వివరాలు నాలుగు నెలల కిందటే ఆగిపోయాయి. ఎక్కడ తెరిచినా అదే తేదీ. నిన్న పొద్దున కూడా స్క్రీను మీద పచ్చగుర్తు చూసింది, ‘నకలు చేరింది’ అన్న మాట చదివింది. పాస్‌వర్డు కొట్టి లోపలి అమరికలు తెరిచి చూసింది. నకళ్ళు వెళ్ళడం ఎవరో ఆపేశారు. ఆ పచ్చగుర్తు మాత్రం రోజూ తనంతట తనే వెలిగేలా ఏర్పాటు చేశారు.

ఆ పాస్‌వర్డు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు పెద్దాయన, కంప్యూటర్ల విభాగానికి అధిపతి. నాన్న పోయి దిక్కుతోచని రోజుల్లో ఆమెను ఈ గదికి తీసుకొచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పినవాడు. నెలనెలా ఆమె నకలు తెరిచి సరిచూసేది. నాలుగు నెలల కిందట ఆయనే, “ఇంత పనిలో అది కూడా ఎందుకమ్మా, ఇకనుంచి నేను చూసుకుంటాలే,” అన్నాడు. తన బరువు తగ్గించాడని ఆ రోజు ఎంత సంబరపడిందో.

పెద్దాయన గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టుకుని వెళ్ళింది.

“అన్నయ్యా, రెండో మిషనులో నాలుగు నెలలవి లేవు.”

ఆయన తలెత్తలేదు. “తెలుసమ్మా. పైవాళ్ళు దాన్ని వేరే కంపెనీకి అద్దెకిచ్చుకున్నారు. జాగా కావాలి, ఆపమన్నారు. ఆపాను.”

“మరి నాకు పచ్చగుర్తు ఎందుకు చూపించారు?”

“చెప్తే ఊరుకుంటావా నువ్వు? టాంటాం వేస్తావు.”

“వాళ్ళు గడ్డి తిన్నారంటే అర్థముంది. మీకేమొచ్చింది అన్నయ్యా?”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అరగంటలో మేనేజరు గదికి పిలుపొచ్చింది. బల్ల మీద టైపు చేసిన కాగితం, పక్కన పెన్ను. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె చదివింది. ‘సదరు ఉద్యోగిని నెలవారీ తనిఖీలు మానేసినందువల్ల…’ సదరు. ఆ మాట ఈ ఆసుపత్రిలో పెద్దాయన తప్ప ఎవరూ రాయరు.

“సంతకం పెట్టమ్మా,” అన్నాడు మేనేజరు మెత్తగా. “కేసు లేకుండా చూస్తాం. నెల తిరక్కుండా ఇంకోచోట వేయిస్తాం.”

“ఇది మీరే రాశారు కదా?” ఆమె చూపు కిటికీ వైపే ఉంది.

“కొన్నాళ్ళు తలొంచుకో తల్లీ,” అన్నాడు పెద్దాయన. “గాలివాన దానంతటదే పోతుంది.”

సంతకం పెట్టకపోతే రేపు గేటు దగ్గరే ఆపేస్తారని ఆమెకు తెలుసు. పదకొండేళ్ళూ ఒక్క తప్పు లేకుండా చేసిన పనిని, నేర్పిన చేతులే బురదలో ముంచాయి.

“తనిఖీ మానమన్నది మీరు. మానేసినందుకు దొంగను నేను. పెట్టను,” అంది. కాగితాన్ని బల్ల మీద అవతలికి తోసి బయటికి నడిచింది.

మెట్ల కింద టెక్నీషియను అందరికీ ఒకటే పాట పాడుతున్నాడు. “సిస్టం డౌన్, కాసేపట్లో వచ్చేస్తుంది.” కుట్టుపని ఆవిడ తలకు గుడ్డ బిగించుకుని బెంచీ మీద ఒదిగి కూర్చుంది. నకళ్ళక్కను చూసి లేవబోయింది.

“ఏమ్మా, నా వివరాలొచ్చాయా? పద్దెనిమిదో పంతొమ్మిదో అయినట్టున్నాయి. నాకు సరిగ్గా గుర్తులేదు.”

నకళ్ళక్క ఆమె పక్కన కూర్చుంది. పైన మెట్ల మలుపులో పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

“రాలేదక్కా. ఇక రావు. ఎందుకు రావో చెప్తాను.”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. దగ్గరున్నవాళ్ళు మాటలాపారు. వరసలో తలలు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. మెట్ల దగ్గర్నుంచి ఎవరిదో గొంతు వినిపించింది:

“కాస్త గట్టిగా చెప్పమ్మా, ఇక్కడికి వినపడట్లేదు.”