సామర్లకోట చెంబు

చెంబు మీద అంత చిన్న చుక్కల అక్షరాలు ఎవరు చదువుతారులే అనుకుంది ఆనందమ్మ, చదవగలిగిన మన చర్చివాళ్ళు ఈ పరాయిదేశపు పామర్‌స్టన్ నార్త్‌లో పదిళ్ళవాళ్ళున్నా వేలంపాటకి ఎవరొస్తారులే, శనివారం పూట వాళ్ళకి బట్టలుతుక్కోవడం, పిల్లల్ని ఆటలకి దింపడం, వారానికి సరిపడా కూరలు తెచ్చుకోవడంతోనే సరిపోతుంది అనుకుంది, అనుకుని గుండె చిక్కబట్టుకుని వచ్చి చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, చెప్పులు వదిలి, వాచిన పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించింది, తీరా చూస్తే ఆ చదివేవాడు అద్దాల బీరువా దగ్గర నిలబడి ఉన్నాడు, నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, చెంబుని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, పెదవులు కదుపుతూ, మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెంబుని అలా పట్టుకోరు, పెళ్ళింట్లో చదివింపుల గిన్నె మీద ఎవరి పేరు కొట్టించారో చూసుకునే చూపు అది, అయిపోయింది అనుకుంది, దేవా, ఈ కాళ్ళతో ఇప్పుడు ఎక్కడికని లేచి పారిపోవడం.

పారిపోవాలన్నా ఓపిక ఏది, ఆరు రోజులు వరసగా ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో డ్యూటీ, ఎత్తిన ఒళ్ళు, తుడిచిన ఒళ్ళు, తిప్పి పడుకోబెట్టిన ఒళ్ళు, పొద్దున మంచం మీంచి లేవబోతే నడుము రానంది, నోవహు కాఫీ కలుపుతూ, ఉన్న ఒక్క సెలవూ ఇత్తడి చెంబు కోసం తగలేస్తావేంటే, మా అమ్మ చెంబులన్నీ పాతసామాన్లవాడికేసి ప్లాస్టిక్ బిందెలు కొనుక్కుంది, నువ్వేమో డాలర్లు పోసి చెంబు కొంటానంటావు అన్నాడు, అన్నాడు గానీ కారు తీసి దింపాడు, దింపి కార్లోనే సీటు వాల్చుకుని కునుకు తీస్తున్నాడు, పాతికేళ్ళ కాపురంలో ఆయనకి చెప్పనిది ఇదొక్కటే, ఆ చెంబు మీద ఏముందో, తను ఏముందని చెప్పిందో, ముందు వేలందారు చెక్క సుత్తితో బల్ల మీద కొడుతున్నాడు, క్రౌన్ లిన్ పింగాణీ తెల్ల హంస పోయింది, గోడ గడియారం పోయింది, గాజుపెట్టెలో ఎండిన చేప పోయింది, చచ్చిన చేపకి నూట ఇరవై, ఇది లాటు నూటపదహారు అన్నాడు, తనది నూట నలభై రెండు, ఇంకా ఇరవై ఆరు సార్లు ఆ సుత్తి వినాలి, ఒక్కో దెబ్బా తిన్నగా నడుములోనే పడుతోంది.

రెస్ట్‌హోమ్‌లో డోరతీ గది కిటికీలోంచి కొండ మీద గాలిమరలు కనిపించేవి, తొంభై ఏళ్ళ మనిషి, ఆనందమ్మ ఆ పనిలో చేరిన రెండో వారం, మందుల ట్రే కింద పెట్టగానే ఇండియాలో నీది ఏ ఊరు అని అడిగింది, కాకినాడ దగ్గర అంటే ఆ ముసలి కళ్ళు ఎంత వెలిగాయో, మా అమ్మ సామర్లకోట దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సు, నేను పుట్టకముందు మాట అంది, వణికే చేతులతో ఈ చెంబు తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఒకతను పెళ్ళాన్ని బండిలో వేసుకుని తెచ్చాడట, కాన్పు అడ్డం తిరిగి చావుబతుకుల్లో ఉంటే అమ్మ రెండు రోజులు పక్కనే కూర్చుని బతికించిందట, నెల తరవాత అతను కాళ్ళకి చెప్పులైనా లేకుండా నడిచొచ్చి, ఈ చెంబు చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి, ఒక్క క్షణం నిలబడకుండా వెళ్ళిపోయాడట, దీని మీద ఏదో రాసి ఉంది, అమ్మకి మీ భాష మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఎవరికీ తెలీదు, నువ్వు చదివి పెడతావా అంది, ఆనందమ్మ సంబరంగా అద్దాలు పెట్టుకుని చదువుకుంది, రామ్మూర్తి కాఫీ హోటలు, సామర్లకోట, ఇది దొంగసొత్తు.

పాతకాలంలో కొందరు హోటలువాళ్ళు అలాగే కొట్టించేవాళ్ళు, ఎత్తుకుపోయినవాడు నలుగురిలో వాడుకోలేక సిగ్గుపడి తెచ్చి పడేస్తాడని, నాన్న ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు, డోరతీ ముందు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే అంతకుముందు పనిచేసిన చోట ఒక పెద్దావిడ ఉంగరం కనబడకపోతే అందరికన్నా ముందు తన సంచీయే తెరవమన్నారు, టిఫిను డబ్బా, బైబిలు, పాత స్వెట్టరు, మోకాళ్ళ నొప్పుల ట్యూబు, ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చింది, ఉంగరం మర్నాడు దిండు గలీబులో దొరికింది, సారీ అని ఒక్కళ్ళు అనలేదు, ఆ సిగ్గు ఇంకా ఒంట్లోంచి పోనేలేదు, ఇప్పుడీ తల్లి ఇన్నేళ్ళు గుండెకి హత్తుకుని దాచుకున్న తెలుగు ముక్కలోనూ అదే మాట, దొంగ, దాన్ని తన నోటితో ఎలా అనడం, అద్దాలు తీసి యూనిఫాం అంచుకి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నీళ్ళిచ్చిన చేతిని దేవుడు మరచిపోడు అని రాసుందమ్మా అనేసింది, ఎక్కణ్ణించి ఊడిపడిందో ఆ మాట, సగం బైబిలు వాక్యంలోది, సగం తన తల్లి వాకిట్లో ఎవరికైనా గంజి పోసేటప్పుడు అనుకునేది.

ఒక్కసారి ఆడిన అబద్ధం ఒక్కసారితో పోతే ఇంకేం, రోజూ మందులు మింగాక చదవమనేది, చదివేది, ఒకరోజు అలసటలో చేతిని అనడానికి బదులు మనిషిని అంటే, కాదు, చేతిని, అని దిద్దింది డోరతీ, రెండేళ్ళు, చివర్లో కొడుకు గ్రాహం పేరే మరిచిపోయింది గానీ ఆ మాట మరవలేదు, షిఫ్టు అయి ఇంటికి పోబోతుంటే ఆనందమ్మ చెయ్యి పట్టుకుని, బ్లీచు వాసన కొట్టే ఆ చేతినే పట్టుకుని, తిరిగి తనే చెప్పేది, నీళ్ళిచ్చిన చేతిని దేవుడు మరచిపోడు ఆనందా అని, అప్పుడు ఏడుపొచ్చేది, ఎందుకొచ్చేదో ఆనందమ్మకి తెలిసేది కాదు, డోరతీ పోయింది, సమాధి ప్రార్థన కార్డు మీద ఆ మాటే అచ్చేశారు, అనువాదం ఆనందమ్మ అని కింద పేరు కూడా వేశారు, ఇప్పుడు ముగ్గురు పిల్లలకీ సామాను పంపకం తెగక మొత్తం వేలానికి పెట్టేశారు, ఎవరికేది కావాలన్నా నలుగురితో పాటు పాడుకోవాల్సిందేనని గ్రాహం తేల్చేశాడట, వేలం పుస్తకంలో లాటు నూట నలభై రెండు, భారతీయ ఇత్తడి చెంబు, తెలుగు ఆశీర్వచనంతో, పక్కనే వాలు అక్షరాల్లో తన అబద్ధం, అది చూసిన రోజు నుంచి అన్నం సయించడం లేదు, కొనేసి ఇంట్లో బీరువా అడుగున పడేస్తే సరే, లేదంటే ఏదో ఒకరోజు ఏ తెలుగువాడి చేతిలోనో పడుతుంది, చావుకి దగ్గరైన ముసలమ్మని రెండేళ్ళు నమ్మించి మోసం చేసిందని పేరొస్తుంది, ఆరోజు తెరిపించిన సంచీలో దొంగసొత్తేమీ లేదు, ఈసారి మాత్రం అందులో నిజంగా సరుకుంది.

మేడమ్, తెలుగువాళ్ళేనా అని ఆ కళ్ళజోడాయన పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు, ఉదయభాస్కర్ అండి నా పేరు, జాన్సన్‌విల్‌లో ఉంటాను, ఐటీలో జాబ్, పాత ఇత్తడి కలెక్ట్ చేయడం నాకో పిచ్చి, ఆన్‌లైన్ ఫొటోలో అక్షరాలు సరిగ్గా కనపడక రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేశాను అన్నాడు, చూశారాండీ కామెడీ, బుక్‌లో ఆశీర్వచనం అని వేశారు, చెంబు మీద దొంగసొత్తు అని ఉంది, ఎవరో వీళ్ళ చెవిలో బాగా పువ్వులు పెట్టారు అని భుజాలు కదిలేలా నవ్వాడు, పెట్టింది నేనే బాబూ అంది ఆనందమ్మ, అనేశాక ఒళ్ళు తేలికైందో బరువైందో తెలీలేదు, ఆయన నవ్వు ఆగిపోయింది, సారీ ఆంటీ అన్నాడు, మేడమ్ పోయి ఆంటీ వచ్చింది, ఆవిడకి నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు బాబూ, ఇప్పుడు వీళ్ళకి మీరు చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను అంది, ఛ, అవేం మాటలాంటీ అన్నాడు, గడ్డం గోక్కుని, కానీ నిజం చెప్తే దీన్నెవరూ పాడరు, నాకు చవగ్గా వచ్చేస్తుంది, చెప్పకపోతే ఈ ఆశీర్వచనం మోజులో ఎక్కడికో పోతుంది అన్నాడు, సగం నవ్వుతూనే అన్నాడు, చెప్తాడో చెప్పడో చెప్పకుండానే లేచి వేలందారు బల్ల వైపు నడిచాడు, వంగి ఆయన చెవిలో ఏదో అంటున్నాడు, రెండో వరసలో గ్రాహం కూతురు కేట్ కూర్చుని ఉంది, ఇక్కడే యూనివర్సిటీలో చదువుతోంది, ఆదివారాలు సైకిలు మీద వచ్చి నానమ్మ గోళ్ళకి రంగు వేసి పోయేది, ఆ పిల్ల వింటుండగా ఇప్పుడు మైకులో ఆ మాట రాబోతోంది, రానీ, ఇంక మోయలేను, ఏదో ఒకటి అయిపోనీ.

లాటు నూట నలభై రెండు అన్నాడు వేలందారు, పుస్తకం దగ్గరికి పట్టుకుని చదివాడు, నీళ్ళిచ్చిన చేతిని దేవుడు మరచిపోడు, అంతసేపూ కుర్చీలూ బల్లలూ అమ్మిన గొంతుతోనే, ఒక్క ముక్క పొల్లుపోకుండా చదివాడు, అంటే చెప్పలేదన్నమాట, ఉదయభాస్కర్ అటు గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, చేపని కొన్న ముసలాయన తలమీది టోపీ తీశాడు, హోటలు చెంబుకి టోపీ తీశాడు పాపం, ముప్పై అన్నారెవరో, ఆనందమ్మ నంబరు అట్ట ఎత్తింది, నలభై, ముందెవరో ఎత్తారు, యాభై, తను అరవై, మళ్ళీ ఆ ముందు చెయ్యే డెబ్భై, ఎవరా అని మెడ సాచి చూస్తే కేట్, ఎనభై తను, తొంభై కేట్, ఆ పిల్ల వెనక్కి తిరగడం లేదు, పోటీకొచ్చింది ఎవరో దానికి తెలీదు, అట్ట పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, ఆ వణుకు అచ్చం వాళ్ళ నానమ్మదే, నూరు అని ఎత్తింది ఆనందమ్మ, ఎత్తుతూనే, ఎవరి దగ్గర్నించి ఏం లాక్కుంటున్నాను నేను అనుకుంది, నూటపది అంది కేట్.

వేలందారు ఇటు చూస్తున్నాడు, ఎత్తాలి, చెయ్యి లేవడం లేదు, ఆ సమయంలో ఎందుకు గుర్తొచ్చాడో ఆ చెప్పుల్లేని మనిషి, రెండేళ్ళుగా రోజూ అతని చెంబు పట్టుకుని చదివింది గానీ అతని గురించి ఒక్కసారైనా ఆలోచించలేదు, తన సంచీ, తన సిగ్గు, తన అబద్ధం, ఇదే గొడవ, పెళ్ళాం బతికింది, ఉత్త చేతులతో ఆ నర్సమ్మ దగ్గరికి ఎలా వెళ్ళడం అని నెల పాటు ఎంత నలిగిపోయాడో, ఇంట్లో కోడి లేదు, గిద్దెడు బియ్యం లేవు, రామ్మూర్తి హోటల్లో నీళ్ళు మోసేవాడేమో, బల్లలు తుడిచేవాడేమో, ఒకరోజు పంచె మడతలో చెంబు పెట్టుకుని, అడుగడుక్కీ వెనక్కి చూసుకుంటూ, సామర్లకోట నుంచి ఆసుపత్రి దాకా ఎండలో నడిచి ఉంటాడు, ఇచ్చి ఎందుకు నిలబడలేదో ఇప్పుడు తెలుస్తోంది, నిలబడితే మొహం చూడలేడు, తనూ అంతే కదా, డోరతీ మొహం చూడలేకే అద్దాలు తుడుచుకుంది, మేడమ్, నూట ఇరవై అంటారా అని వేలందారు అడుగుతున్నాడు, ఆనందమ్మ తల అడ్డంగా ఊపింది, అట్ట ఒళ్ళో బోర్లా పెట్టుకుంది, వేలందారు ఉదయభాస్కర్ వైపు చూశాడు, ఆయన కట్టుకున్న చేతులు విప్పలేదు, సుత్తి పడింది, ఈసారి నడుములో పడలేదు.

ఇందాక వేలందారుకి నేను ముందే పెట్టిన ఆన్‌లైన్ పాట తీసేయమని చెప్పొచ్చానాంటీ, అంతే, జాగ్రత్తండి అని ఉదయభాస్కర్ పక్కనుంచి వెళ్ళిపోయాడు, చెప్పులు తొడుక్కుందామని వంగుతుంటే ఎదురుగా కేట్ బూట్లు, ఆనందా, ఇంతసేపూ నాతో పాడింది నువ్వా, నాకు వదిలేశావా అంది, కళ్ళు తడిగా ఉన్నాయి, చెంబు పిల్లిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది, నానమ్మ ఇంగ్లీషులోనే చెప్పేది, ఇక్కడున్నది ఉన్నట్టు మీ భాషలో ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలని ఉంది, చదవవా అంది, ఆనందమ్మ చెంబు అందుకుంది, చల్లగా ఉంది, బరువుగా ఉంది, రామ్మూర్తి కాఫీ హోటలు, సామర్లకోట, ఇది దొంగసొత్తు అని పైకి చదివింది, దొంగ దగ్గర గొంతు తడబడుతుందేమో అనుకుంది, తడబడలేదు, ఇవ్వడానికి ఏమీ లేక అతను చెంబు ఎత్తుకొచ్చాడు, ఇవ్వడానికి ఏమీ లేక తను మాట ఎత్తుకొచ్చింది, రెండూ ఇచ్చినవే, డోరతీ ఇంట్లో రెండూ దక్కాయి, ఇన్నాళ్ళూ తను భయపడింది ఇంతోటి దానికా, నువ్వు చెప్పిన మాటలో ఇవేం లేవే, ఇందులో కాఫీ, హోటలు, ఊరి పేరేదో ఉందే అంది కేట్, అవును తల్లీ, ఉంది, కూర్చో అంది ఆనందమ్మ పక్క కుర్చీ లాగి, మీ తాతమ్మ ఒకావిణ్ణి బతికించింది, ఆవిడ మొగుడి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, అందుకని మీ తాతమ్మ కోసం దీన్ని దొంగిలించాడు.