పిట్ట తిన్న కంకి, బూజు పట్టిన కంకి

డబ్బా మామకు ఆ పేరు ఊరికే రాలేదు. జొన్నచేలో మంచె ఎక్కి రేకుడబ్బా వాయించాడంటే పిచ్చుకలన్నీ పరార్! అలాంటివాడికి ఈ ఏడు చూపు మందగించింది. సంగతి తెలిస్తే కోడలు కాపలా మానిపించి ఇంట్లో కూర్చోబెడుతుందని ఆయన భయం. చేను ఆమెదే, పెత్తనమూ ఆమెదే. అందుకే కిక్కురుమనకుండా, రెక్కల చప్పుడు వినబడ్డ వైపల్లా డబ్బా వాయిస్తూ నెట్టుకొచ్చాడు.

విత్తనానికి మంచి కంకులు ఏరే రోజున ఆయన చేతికి నాలుగు కంకులు తేడాగా తగిలాయి. నొక్కితే గింజ లేదు, పొట్టు చిట్లి పొడిపొడిగా రాలింది. పిచ్చుకలు తన కళ్లుగప్పి తినిపోయాయనుకున్నాడు. ఎంత పని చేశాడో చూడండి, కోడలి కంట పడకూడదని ఆ నాలుగింటినీ విత్తనాల గంప అడుగున కుక్కేశాడు!

కోతలు ముగిశాక కోడలు ఆ గంపలోని కంకులన్నీ కలిపి నూర్చింది. గుప్పున మసి లేచింది. చేతులు, బట్టలు, గింజలు అన్నీ నల్లబడ్డాయి.

"మామయ్యా, కాటుక తెగులు కంకులు కనబడ్డవన్నీ ఏరి కాల్చేశానే! ఇవి ఇందులోకి ఎలా వచ్చాయి?"

"పిట్టలు తిన్నాయనుకుని దాచానమ్మా. నాకు కళ్లు సరిగా ఆనడం లేదు" అని ఆయన చివరికి బయటపెట్టాడు.

"అయ్యో నా రాత!" అని కోడలు నెత్తి కొట్టుకుంది. "పిట్ట తింటే ఆ గింజ పోతుంది, అంతటితో సరి. ఈ బూజు అలా కాదు. గింజలాగే కంకిలో కూర్చుని, పగిలిందంటే పక్క గింజలన్నిటికీ అంటుకుంటుంది. ఈ విత్తనం వేస్తే వచ్చే పంటంతా మసే. ఇక పనికిరాదు."

"మరి... పిట్టలు?"

ఆమెకు ఒళ్లు మండింది. గంపెడు విత్తనం పోతే ఈయన పిట్టలంటాడేమిటి! కసురుకోబోయి, ఆయన ముఖం చూసి ఆగింది. పాపం, తన కాపలా ఫలించిందో లేదోనన్నదే ఆయన బెంగ.

"చేనంతా నేనే కోశాను మామయ్యా. పిట్ట ముక్కు పెట్టిన కంకి ఒక్కటి కూడా లేదు."

ముసలాయన చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"చూపు లేకుండానే కాశానన్నమాట! చూపు తగ్గిందని నేను ముందే చెప్పుంటే నీ విత్తనమైనా దక్కేది కదా తల్లీ!"