గాలి తగలకుండా

...ఈసారి కూడా ఏమీ లేకపోతే సర్జన్ గారికి ముఖమెలా చూపించాలి, అనుకుంటూనే ఆమె మూత ఎత్తింది, ఐదు రోజులు గాలి లేని పెట్టెలో ఉంచిన పళ్ళెం, బ్యాక్టీరియా పెరగడానికి పోసిన నెత్తురు కలిపిన మేత మీద బూడిదరంగు చుక్కలు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది, ఉన్నాయి, చల్లినట్టు ఉన్నాయి, పిల్లల వాచిన అపెండిక్స్‌లో నోటి బ్యాక్టీరియా ఉండొచ్చని నాలుగేళ్ళుగా ఈ ల్యాబ్‌లో నమ్మింది తనొక్కతే, నోటికీ పేగుకీ ముడిపెడతావేంటమ్మా అని సర్జన్ గారి నవ్వు, ఇంకా ఆ పళ్ళపాచి గొడవేనా అని ఇంట్లో మొగుడి వెటకారం, అసలు ఆ బ్యాక్టీరియా గాలి తగిలితే చచ్చే రకం కదా, కోసిన ముక్క థియేటర్ ట్రేలో గంటలకొద్దీ పడుంటే ఏం మిగులుతుంది అని తనకు తట్టడానికే ఇన్నాళ్ళు పట్టింది, అందుకే ఆ రోజు ఎనిమిదేళ్ళ పిల్ల మోకాళ్ళు ముడుచుకుని మూలుగుతుంటే చిగుళ్ళ మీద దూది అద్దింది, నొప్పి ఇక్కడాంటీ, నోట్లో కాదు, తెలుసు తల్లీ, ఒక్కసారి ఆఁ అను, తర్వాత థియేటర్ గుమ్మంలో తనే నిలబడింది, సర్జన్ గారు విసుక్కుంటూనే ముక్కను గాలి లేని గొట్టంలో వేయించి, పట్టు, పరిగెత్తు, నీ సరదా తీరనీ అన్నారు, నలభై ఆరేళ్ళ మోకాళ్ళతో, చెప్పులు చేత్తో పట్టుకుని రెండంతస్తులు దిగింది.

ఇప్పుడు పక్కనే ఆ పిల్ల చిగుళ్ళ దూది రుద్దిన పళ్ళెం, అందులోనూ అవే చుక్కలు, జాతిని గుర్తించే యంత్రం ముందు కూర్చున్న జూనియర్ కేక పెట్టింది, మేడమ్, రెండూ ఒకటే, ఏదీ మళ్ళీ చదువు, ఒకటే మేడమ్, ఒట్టు, సర్జన్ గారికి ఫోన్ కలిపింది, సర్, పెరిగింది, నోట్లోదీ పేగులోదీ ఒకే జాతి, అవతల గొంతు సవరించుకున్న చప్పుడు, రేపు తొమ్మిదింటికి ఇంకో కేసుందమ్మా, నువ్వు రాకు, గొట్టం నేనే పట్టుకొస్తా, ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి, ఆ పిల్ల నిన్ననే కుట్లు చూపించి ఇంటికెళ్ళింది, ఇవే జబ్బు తెచ్చాయా, వాచాక వచ్చి చేరాయా, అది ఇంకా తేల్చాలి, తేలుస్తుంది, రిజిస్టర్ తెరిచింది, ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ప్రతి పేరు ముందూ తన చేతిరాతే, పెరగలేదు, పెరగలేదు, ఒక్కటీ కొట్టేయాలనిపించలేదు, పెరగలేదన్న మాట అబద్ధం కాదు, దాన్ని ఇన్నాళ్ళూ బ్యాక్టీరియా లేదని చదువుకున్నది తను, ముప్పై తొమ్మిదో వరుసలో పెరిగింది అని రాసి, సిరా ఆరేదాకా చూస్తూ కూర్చుంది.