గోడ మీది మారకం

పొద్దు గూకే వేళకు ప్రొద్దుటూరులో పీరాంబీ తన పెరటిగోడ దగ్గరికి వచ్చేది. అవతలి నుంచి టీచరు వేదవ్యాస భార్య లక్ష్మీకాంతమ్మ వచ్చేది. ఈమె నోట్లు ఆమె, ఆమె నోట్లు ఈమె పుచ్చుకుని ఎవరి వంటకు వాళ్లు పోయేవాళ్లు.

స్వతంత్రం వచ్చాక రాజు తల పోయి సింహాల బొమ్మతో వచ్చిన రూపాయి నోట్లకు ఒక గుణముండేది. ఒక రాత్రికి మించి ఒకే ఇంట్లో ఉంటే తమలపాకు మాదిరి వాడిపోయేవి. వారం దాటితే పొడయ్యేవి. చేయి మారితే మళ్లీ నిగనిగలాడేవి. నూరు రూపాయల నోటుకు ఈ బాధ లేదు. ఉన్నవాళ్ల నోటుకు బాధేముంటుంది! లేనివాళ్ల ఇంట్లో రూపాయి వాడిపోయేదాకా నిలిస్తే గదా, అందుకని ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు.

పీరాంబీకి మాత్రం నిలపక తప్పలేదు. మగ్గం నేసే మొగుడు అబ్దుల్ సలాం కళ్లకు పొర కమ్మింది. "ఉగాది లోపల ఆపరేషన్ చేయాల. దాటితే చూపు రాదు" అన్నాడు జమ్మలమడుగు డాక్టరు. వీధిలో కూడబెట్టేది ఇంకొకతే, కొడుకు పరీక్ష ఫీజు కోసం లక్ష్మీకాంతమ్మ.

ఉగాది దగ్గర పడుతుండగా పులివెందులలో వేదవ్యాస వాళ్లన్న చనిపోయాడు. పది రోజుల మైల. వేదవ్యాస కర్మలకు పోయాడు, లక్ష్మీకాంతమ్మ కొడుకుతో ఇంట్లోనే ఉంది. చావు దుఃఖంలో ఉన్న మనిషిని కదిలించకూడదని పీరాంబీ గోడ దగ్గరికి పోలేదు. మైల చేతి నోటు పక్కింటికి కీడని లక్ష్మీకాంతమ్మ రాలేదు. ఇద్దరూ మంచివాళ్లే, అదే కొంప ముంచింది. అంగడి గణపతి శెట్టిని అడిగితే "సరుకు కొను, తీసుకుంటా. నోటుకు నోటిచ్చి నేనేం జేసుకునేది?" అన్నాడు. పీరాంబీ నోట్లకు తడిగుడ్డ చుట్టింది, నీళ్లు చల్లింది. కళ్లముందే ఎండిపోతుంటే చూస్తూ కూర్చుంది పాపం.

పదకొండో నాడు తలస్నానం చేసి లక్ష్మీకాంతమ్మ గోడ దగ్గరికొచ్చింది. ఆమె కొంగులోనూ పొడే.

"ఒక్క మాట పిలిచింటే వచ్చేదాన్ని గదా పీరాంబీ!"

"సావు ఇంట్లో ఉండేదానివి. దుడ్లకని నిన్ను ఎట్ల పిలిచేది అక్కా?"

గోడకు చెరోవైపు నిలబడి ఇద్దరూ ఏడ్చారు.

ఇంట్లోకి రాగానే మగ్గం గుంతలోంచి సలాం అడిగాడు. "నోట్లు బాగుండాయా?"

"బాగుండాయి."

"ఏదీ, ఇట్లియ్యి."

ఇచ్చింది. ఇంకేం చేయగలదు? తెగిన పోగును వేళ్లతోనే పట్టే మనిషి, ఆ పొడిని అరచేతిలో చాలాసేపు నిమిరాడు.

"అవు, బాగుండాయి" అన్నాడు. దాన్ని మళ్లీ ఆమె చేతిలో పోసి, "మగ్గం కాడ దీపం ఇంక పెట్టొద్దు. నూనె దండగ" అన్నాడు.

పీరాంబీ దీపం తీసి వంటింట్లో పెట్టుకుంది.