కాలువ వైపు తలుపు

నేను ఒక తలుపును. బెజవాడ నడిబొడ్డున, ఏలూరు కాలువ గట్టు మీదున్న పాత మేడలో నీళ్ళ వైపు తెరుచుకునే తలుపును. బర్మా టేకును. బందరు రేవులో దిగి, పడవెక్కి ఇక్కడికి చేరాను. వీరాచారి అనే వడ్రంగి నన్ను చిత్రిక పట్టి, రెండు రెక్కలుగా బిగించి, ఎండకూ వానకూ నేను చెదరనని ఇంటివాళ్ళకు మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టాను. మనుషుల సంగతి ఆయన చెప్పలేదు.

మేడ కట్టించింది ధాన్యం వర్తకుడు చలమయ్య. అప్పట్లో నా గడప నుంచి రాతిమెట్లు నీళ్ళలోకి దిగేవి. పడవలు అక్కడే ఆగేవి, బస్తాలు నాలోంచే లోపలికి వచ్చేవి. ఒక వర్షాకాలం ఊళ్ళో కలరా పుట్టింది. మధ్యాహ్నం వేళ ఒక పడవ వచ్చి మెట్లకు తగిలింది. పడవవాడు అప్పటికే అందులో చచ్చిపడి ఉన్నాడు. వాడి పెళ్ళాం సూరమ్మ, ఇంకా పసితనం వీడని మనిషి, మెట్లమీద పాక్కుంటూ వచ్చి నన్ను తట్టింది. గుక్కెడు నీళ్ళు పొయ్యమని అడిగింది. చలమయ్య తల్లి లోపలి నుంచి నాకు వీపు ఆనించి నిలబడి, ఎవరినీ గడియ తియ్యనివ్వలేదు. ఇంట్లో చంటిపిల్లలున్నారు. ఆవిడ భయం ఆవిడది. తట్టడం నెమ్మదించి, ఆగిపోయింది. కాసేపటికి ఏదో నీళ్ళలోకి జారిన చప్పుడయింది.

ఏటా ఎండాకాలం కాలువకు నీళ్ళు కట్టేస్తారు. మరుసటి సంవత్సరం మళ్ళీ నీళ్ళు వదిలిన రోజున, మధ్యాహ్నం, నన్నెవరో తట్టారు. అప్పటినుంచి ఏటా, కాలువలో నీళ్ళున్నన్నాళ్ళూ, ఆ వేళకు తప్పలేదు. ఇంటివాళ్ళు నిమ్మకాయలు కట్టారు, శాంతి చేయించారు, మేకులు దిగ్గొట్టారు. తెరిచి చూడడం ఒక్కటే చెయ్యలేదు. చివరికి నాకు అడ్డంగా బీరువా జరిపి నిశ్చింతగా ఉన్నారు. మేడ వాటాలైంది, వాటాలు అపార్ట్‌మెంట్లయ్యాయి. చుట్టూ లాడ్జీలూ సెల్‌ఫోన్ దుకాణాలూ ఊపిరాడకుండా మొలిచాయి. గట్టు పటిష్ఠం చేసినప్పుడు మెట్లు పగలగొట్టేశారు. ఇప్పుడు నా గడప అవతల నిట్టనిలువు గోడ, దాని కింద నీళ్ళు. మనిషి నిలబడే చోటే లేదు. అయినా తట్టడం ఆగలేదు.

ఒక వేసవిలో వకుళ వచ్చింది. ఆసుపత్రిలో హెడ్ నర్సు, యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. అద్దె ఇల్లు అడిగితే, ఒంటరి ఆడమనిషికి ఇవ్వమని కిటికీ ఊచల్లోంచే చెప్పి పంపించినవాళ్ళను చాలామందిని చూసింది. తనను ఖాళీ చెయ్యమనే హక్కు ఇంకెవరికీ లేని నాలుగు గోడలు కావాలని ఆమె కోరిక. బ్రోకరు మస్తాన్ వెంట ఉన్నాడు. అమ్మేది చలమయ్య మునిమనవరాలు ఇందుమతి. ఎత్తయిన కప్పు, గచ్చునేల, కిటికీలోంచి కాలువ చూసి వకుళ ముఖం విప్పారింది. బీరువా వెనక ఏముందని అడిగింది. వాడకంలో లేని తలుపని ఇందుమతి చెప్పి, మాట మార్చింది. అప్పుడు కాలువ ఎండి ఉంది. నేను నిశ్శబ్దంగా ఉన్నాను.

రిజిస్ట్రేషన్ అయ్యాక వకుళ బీరువా తీయించి, మేకులు పీకించి, నాకు నూనె పట్టించింది. జూన్‌లో నీళ్ళు వదిలారు. ఆమె అన్నం తింటోంది. నన్ను తట్టారు. కిటికీలోంచి తొంగిచూసింది. గోడ, నీళ్ళు, అంతే. మళ్ళీ తట్టారు. కంచం అలాగే వదిలేసి ఇందుమతి ఇంటికి వెళ్ళింది.

ఇందుమతి తలవంచుకుని అంతా చెప్పింది.

"బీరువా మళ్ళీ అడ్డం పెట్టేసుకోండి. మేమంతా అట్లాగే బతికాం."

"తీస్తే ఏమవుద్ది?"

"ఎవరూ తియ్యలేదండీ. ఏం చెప్పను?"

మర్నాడు వకుళ గ్లాసెడు మంచినీళ్ళు పెట్టుకుని నా ముందు కూర్చుంది. తట్టిన చప్పుడు వినగానే లేచింది. గడియ తీసింది. నన్ను తెరిచింది. ఎవరూ లేరు. ఒండ్రు వాసనతో చల్లటి గాలి ఆమెను రాసుకుంటూ లోపలికి వెళ్ళింది. "రా అమ్మా" అంది వకుళ. వెనక్కి తిరిగి చూస్తే గ్లాసు ఖాళీగా ఉంది. పక్కన నేలమీద తడి అరచెయ్యి ముద్ర.

ఆ తర్వాత నన్నెవరూ తట్టలేదు. గచ్చు మీద మాత్రం తడి అడుగులు కనపడేవి. వకుళ తుడిచేది. గది మూల నుంచి ఊపిరి వినిపించేది. ఒంటరితనం మనిషి బుర్రను ఏం చేస్తుందో నర్సుగా ఆమె చూసింది. తనకూ అదే మొదలైందని కుమిలిపోయి, మానసిక వైద్యుణ్ణి కలవాలని నిశ్చయించుకుంది.

ఆ వారంలోనే ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి మస్తాన్ వీధి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఎవరో బిల్డరు మేడంతా కొని పడగొడతానంటున్నాడని చెప్పడానికి వచ్చాడు. చాలాసేపయిందా అని అడిగింది.

"లేదు మేడమ్. తలుపు కొడితే మీ చెల్లెలుగారు లోపల్నించే చెప్పారు, అక్క పనికెళ్ళింది, వచ్చేద్ది, కూకోమని. పాపం జలుబు చేసినట్టుంది, గొంతంతా నీళ్ళు."

వకుళకు చెల్లెళ్ళు లేరు. తాళంచెవి తీసింది గానీ తలుపు తియ్యలేదు. తనకు పిచ్చి పట్టలేదు. ఆ ధైర్యం వెనకాలే అసలు భయం వచ్చింది. బిల్డరుకు ఏం చెప్పమంటారని మస్తాన్ అడిగాడు.

"అమ్మనని చెప్పండి. ఇంట్లో ఇంకో మనిషి ఉంది. ఆవిణ్ణి మళ్ళీ బయటికి పంపలేను."

అతను వెళ్ళాక లోపలికి వచ్చింది. మూలకేసి చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టింది.