ఊబెలె మావయ్య నిలబడే చోటు

మైకు కట్టేసి ఉందో లేదో ఇంకోసారి చూసుకోవాలి, ఇందాక రెన్‌స్కె వదిన గెలిచిందని రేడియోలో చెప్పగానే తను పెట్టిన కేక ఏయే వంతెనల మీద మోగిందో ఏమో, సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఉలిక్కిపడి ఆకాశంలోకి చూసి ఉంటారు, అనుకుని నీంకె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది, పక్క బల్ల దగ్గర యెల్మెర్ తన తెరల మీంచి కళ్ళు తిప్పకుండానే, చాలమ్మా తల్లీ, ఇంకో కేక వేశావంటే నా వంతెనలన్నీ భయపడి వాటంతటవే లేచి నిలబడతాయి అన్నాడు, అననీ, ఈరోజు ఎవరేమన్నా పట్టదు, తాతల నాడు పొయ్యిల్లోకి కట్టెల్లా కాలే పీట్ మట్టిగడ్డలు మోసిన స్కూచె పడవలు, చదునైన అడుగు, ఇంటి గోడంత తెరచాప, ఊరికొకటి చొప్పున అవన్నీ పందెం కడితే ఏ ఏడూ చివరి నుంచి వెతుక్కోవడమే తప్ప ముందు నుంచి చూసుకోవడం ఎరగని ఆల్ద్‌సీల్ ఊరు ఈసారి గెలిచింది, గెలిపించింది ఆడమనిషి, అదీ మేనమామ కూతురు, అదీ చిన్నప్పుడు తనని కాలవలోకి తోసి ఈత నేర్పిన వదిన, ఆ పడవ ఇప్పుడు గాలిని వీపున పెట్టుకుని బోర్న నది మీద ఇంటికొస్తోంది, ఊళ్ళోకి రావాలంటే వంతెన లేవాలి, లేపాల్సింది తను, ముప్పై కిలోమీటర్ల దూరాన లీవార్డెన్‌లో ఈ చల్లటి గదిలో కుర్చీలో కూచుని, తెరల మీద బొమ్మలు చూస్తూ, ఒక మీట నొక్కి, అబ్బ, అరచేతులు ఎలా చెమట పడుతున్నాయో.

ఊబెలె మావయ్య చేతులకి చెమట పట్టేది కాదు, రెన్‌స్కె వాళ్ళ నాన్న, ఆ వంతెనకి ఆఖరి కాపరి, పడవ వంపు తిరగకముందే తెరచాప కొస చూసి అది ఎవరిదో చెప్పేవాడు, వంతెన పక్క చిన్న గదిలోంచి బయటికొచ్చి, గంట కొట్టి, అడ్డుకర్రలు దించి, వాటికి లోపల రోడ్డు మీద తన చోట నిలబడి మీట తిప్పేవాడు, పైన దూలాల వెనక కట్టిన ఇనుప బరువు కిందికి దిగుతుంటే ముందున్న రోడ్డు ముక్క గాల్లోకి లేచేది, ఆ బరువు సరిగ్గా ఆయన నెత్తి మీదికే దిగేది, ఇంకాసేపుంటే తల పచ్చడే అనగా, టోపీ సర్దుకుంటూ, పక్కకి ఒక్కడుగు, పిల్లలంతా అది చూడ్డానికే మూగేవాళ్ళు, ఆ తర్వాత గేలపు కర్రకి తాడుతో వేలాడే చెక్క బూటుని పడవ మీదికి ఊపేవాడు, పడవవాళ్ళు అందులో సుంకం వేసి పైకి చూసి చెయ్యూపేవాళ్ళు, వేసవి సెలవుల్లో ఆ బూటు ఊపడం నీంకెకి నేర్పింది ఆయనే, నీళ్ళు చదవడం, గాలి చదవడం నేర్పిందీ ఆయనే, అందుకే కదా ఆయనకంత మంట, వంతెనలన్నీ దూరం నుంచి నడుపుతారని తెలిసి ఊరంతా మొహం మాడ్చుకుని కూచుంటే ఆ కుర్చీకి దరఖాస్తు పెట్టింది సొంత మేనకోడలు, అమ్మ పుట్టినరోజునాడు కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని కాఫీలు తాగుతుంటే ఆయన గట్టిగా, మా వంతెనని టీవీలో చూసుకునే దొరసాని వచ్చింది, లేవండర్రా, చోటివ్వండి అన్నాడు, తన కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు, అదే ఆఖరు మాట, ఆ తర్వాత దుకాణంలో ఎదురుపడినా ఉల్లిపాయల్ని పలకరిస్తాడు కానీ తనని పలకరించడు. సరే, ఈరోజు ఆయన కూతురి కోసం ఈ దొరసానే వంతెన లేపుతుంది, చూడనీ.

చూడ్డానికి ఆయనొక్కడేనా, తెరలో ఆల్ద్‌సీల్ వంతెన కనపడట్లేదు, జనమే కనపడుతున్నారు, ఊరు ఊరంతా వచ్చి వంతెన మీదే నిలబడింది, గెలిచిన పడవకి ఎదురెళ్ళాలని ఉత్సాహం సరే, ఆ పడవ లోపలికి రావాలంటే తాము నిలబడ్డ చోటే గాల్లోకి లేవాలన్న ఇంగితం ఒక్కరికీ లేదు, నీంకె దీపాలు ఎరుపు చేసింది, గంట మోగింది, గొంతులో ప్రాణం లేని ఆ రికార్డు మాట వంతెన మీద వినపడింది, దయచేసి వంతెన ఖాళీ చేయండి, జనం దానికి చప్పట్లు కొట్టారు, ఇంతలో పడవల రేడియోలో గరగరమంటూ వదిన గొంతు, ఆల్ద్‌సీల్ వంతెన, ఆల్ద్‌సీల్ వంతెన, తెరువే మరదలా, తెరచాప దించేది లేదు, నిండు తెరచాపతోనే ఊళ్ళోకొస్తా, ఈ గాలి మళ్ళీ దొరకదు అంటూ, వంతెన మీద మన ఊరు కాపురం పెట్టింది వదినా, ముందు వాళ్ళని దింపనీ అని నీంకె అంటే, నీ నోరుంది కదే, దేనికి దాచుకున్నావు అంది వదిన, నిజమే, దేనికి దాచుకోవడం, నీంకె రికార్డు ఆపేసి మైకు తెరిచింది, గోస్సె బాబాయ్, రొట్టెల దుకాణం బార్లా తెరిచి వచ్చావు, నీ కుక్క లోపల క్రీము కేకుల పని పడుతూ ఉంటుంది, పరిగెత్తు, బ్యాండు వాళ్ళూ, ఆ పెద్ద బాకా ఆయనా, అడ్డుకర్ర అవతల వాయించినా పాట అదే, నారింజ టోపీ పిల్లా, మీ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఇటు నడిపించు, అలా కాదు, ఇటు, అనేసరికి జనం తలలెత్తి మైకూ కెమెరా ఉన్న స్తంభాన్ని చూసి, ఒరే, ఇది మన నీంకె గొంతురోయ్, దీనికి అక్కణ్ణుంచి కుక్కలు కూడా కనపడుతున్నాయిరా అని పగలబడి నవ్వుకుంటూ, తోసుకుంటూ, రెండు పక్కలకీ సర్దుకున్నారు, అడ్డుకర్రలు దిగాయి, యెల్మెర్ తన కుర్చీని ఇటు జరుపుకుని నల్ల తీపి బిళ్ళల సంచీ ముందు పెట్టి, నువ్వు సంతలో చేపలమ్మితే బతికిపోయేదానివి అన్నాడు. నీంకె ఒక బిళ్ళ నోట్లో వేసుకుంది.

ఇప్పుడు చూడాలి, నియమం అది, ప్రతి తెరా చూసి ఖాళీ అని పైకే అనాలి, అప్పుడే మీట, పడమటి అడ్డుకర్ర దిగింది, తూర్పు అడ్డుకర్ర దిగింది, నడిచే దారి, ఎవరూ లేరు, నీళ్ళ వైపు, వంపులో తెరచాప, అదిగో, గోధుమరంగు కొండలా వంగి వస్తోంది, దాని కొసన గెలుపు జెండా, వంతెన నడుమ, కటకటాలు, దీపస్తంభం, మావయ్య, గది గోడ, మూసిన తలుపు, అన్నీ ఎక్కడివక్కడే, చిన్నప్పటి నుంచీ కళ్ళు మూసుకున్నా కనపడే బొమ్మ, ఖాళీ అంది నీంకె, మీట నొక్కింది, ముప్పై కిలోమీటర్ల అవతల ఇనుము కదిలింది, రోడ్డు అంచు జానెడు లేచింది, పైన బరువు జానెడు దిగింది, చెక్క బూటు ఊగుతోంది, అరే, బూటు, ఎన్నాళ్ళైంది చూసి, పసుప్పచ్చ రంగు, మడమ దగ్గర పగులు, వదిన కోసం తెచ్చాడన్నమాట, ఎంత బాగా ఊగుతోందో, అని నీంకె ఒళ్ళంతా పులకరించి, ఊగుతోందంటే, ఊపే చెయ్యి, ఆ చెయ్యి ఎక్కడ, ఏ చోట, అయ్యో, ఆ చోటే.

ఎర్ర మీట మీద ఎప్పుడు కొట్టిందో తనకే తెలీదు, అరచెయ్యి మంటపుట్టింది, వంతెన ఆగింది, నది మీద దీపాలు ఎరుపయ్యాయి, రేడియోలో వదిన తిట్టిన తిట్లు పడవవాళ్ళు మాత్రమే తిట్టగలిగినవి, తెరచాప దబదబా కూలింది, పడవ పక్కకి తిరిగి రెల్లుగడ్డిలోకి ముక్కు దూర్చింది, అడ్డుకర్రల అవతల జనం ఓ అని కేకలు, ఏమైందే, గెలిచిన పడవని గడ్డిలో నిలబెడతావా, మరి వాళ్ళెవరికీ మావయ్య కనపడలేదే, గంట మోగగానే ఆయన అందర్నీ దాటుకుని అడ్డుకర్రల లోపలికి వెళ్ళుంటాడు, జనం దారిచ్చి ఉంటారు, ఎందుకివ్వరు, గంట మోగితే ఊబెలె అక్కడ నిలబడాలి, అది వాళ్ళకీ అలవాటే, మావయ్యా, జరుగు అంది నీంకె మైకులో, స్తంభం మైకులోంచి ఆయన గొంతు, ఎన్ని నెలల తర్వాతో, నువ్వు లేపు, ఎప్పుడు తప్పుకోవాలో నాకు తెలుసు, నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు, నువ్వు లేపినప్పుడు నీకు తెలుసు మావయ్యా, ఇప్పుడు లేపేది నేను అంది నీంకె, అయితే చూసి లేపు, అంత దూరం నుంచి కుక్కలు కనపడతాయిగా నీకు, నేను కనపడనా, అన్నాడు, జనం నవ్వారు, నీంకెకి నవ్వు రాలేదు, ఏదో ఒకటి చెప్పేయొచ్చు, యంత్రం ఆగిందనొచ్చు, యెల్మెర్ కూడా చెయ్యి మైకుకి అడ్డం పెట్టి, వద్దు, ఊరుకో అన్నట్టు చూశాడు, కానీ ఊరుకుంటే ఆయన కదలడు, కనపడ్డావు మావయ్యా అంది, నిన్ను చూశాను, చూస్తూనే ఖాళీ అన్నాను, చూస్తూనే మీట నొక్కాను, బరువు దిగడం మొదలైంది కూడా, నీ బూటు ఊగకపోతే ఆపేదాన్ని కాదు, అంది, ఊరంతా విన్నది, బ్యాండు వాడు బాకా కిందికి దించాడు, మావయ్య తలెత్తి పైన ఆగిపోయిన ఇనుప బరువుని చూశాడు, చాలాసేపు చూశాడు, టోపీ తీశాడు. అప్పుడు పక్కకి ఒక్కడుగు వేశాడు.

ఒక్కడుగు చాలదు, అడ్డుకర్ర అవతలికి పంపాలి, కానీ అక్కణ్ణుంచి బూటు పడవని అందుకోదు, కూతురు గెలిచి వస్తుంటే ఆ చెయ్యి ఉత్తినే ఉండిపోతుంది, నీళ్ళ మీదికున్నది వంతెన పక్క ఆయన పాత గది కిటికీ ఒక్కటే, ఆ గదికి తాళం, మరమ్మతుల వాళ్ళొస్తే ఇక్కణ్ణుంచే తీసే తాళం, దాని మీట బల్ల కొసన, ఎప్పుడూ తాకని మీట, యెల్మెర్ కూడా దాన్నే చూస్తున్నాడు, నేనేమీ చూళ్ళేదు, నేను బిళ్ళలు తింటున్నాను అన్నాడు, నీంకె నొక్కింది, స్తంభం మైకులో టక్కుమని చిన్న చప్పుడు, మావయ్య తలుపు వైపు తిరిగి, తిరిగిన వాడు తిరిగినట్టే నిలబడిపోయి, మెల్లగా తోశాడు, మావయ్యా, లోపలికెళ్ళి తలుపేసుకో, కిటికీ రెక్క గట్టిగా లాగాలి, నాకు చెబుతున్నావుటే ఆ కిటికీ సంగతి, అంది లోపల్నుంచి గొంతు, అమ్మయ్య, తిట్టాడు, మళ్ళీ మామూలు మావయ్య, నీంకె ప్రతి తెరా మొదటి నుంచి చూసింది, వేలు పెట్టి మరీ చూసింది, కటకటాలు, దీపస్తంభం, రోడ్డు, తలుపు మూసి ఉంది, కిటికీలో మావయ్య ఉన్నాడు, ఖాళీ అంది, మీట నొక్కింది, బరువు దిగింది, రోడ్డు లేచింది, లేచి ఆకాశానికి ఆనుకుంది, వదినా రా, రా, అని అరిచింది, ఇది రేడియోలో అరవకూడని అరుపు, అరిచేసింది, రెల్లుగడ్డిలోంచి పడవ వెనక్కి జారింది, తెరచాప చప్పుడు చేస్తూ పైకెక్కి గాలి నిండి పొంగింది, నిండు తెరచాపతో, నీళ్ళు చీల్చుకుంటూ, చుక్కాని పట్టుకుని నిలబడ్డ రెన్‌స్కె జుట్టంతా మొహం మీదే, బ్యాండు ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తున్నారు, కిటికీలోంచి గేలపు కర్ర చాచుకుంది, చెక్క బూటు సరిగ్గా చుక్కాని మీదికి ఊగింది, గురి తప్పలేదు, వదిన ఒక చేత్తో చుక్కాని పట్టుకుని ఇంకో చేత్తో బూటులో గులాబీరంగు పూతున్న నారింజ కేకు ముక్క ఒకటి కుక్కింది, సుంకం చెల్లించా నాన్నా అని అరిచింది, దాటిపోయింది, యెల్మెర్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు, అతని వంతెన దగ్గర ఎవరో పడవవాడు హారను మోగిస్తూనే ఉన్నాడు. నీంకె కళ్ళు తుడుచుకుంది, తెర మసకబారకూడదు కదా.

కిటికీలోంచి మావయ్య కెమెరా వైపే చూస్తున్నాడు, మీసాలకి గులాబీ పూత, ఇప్పుడు కనిపిస్తున్నానుటే అన్నాడు, కనిపిస్తున్నావు మావయ్యా, మూతి తుడుచుకో, ఊరంతా చూస్తోంది అంది, ఆయన తుడుచుకోలేదు, ఇంకో ముక్క కొరికాడు, నెత్తి మీద జుట్టు అంత పలచబడిందని, భుజం ఒకటి కిందికి దిగిందని నీంకె ఇప్పుడే చూస్తోంది, పుట్టినప్పటి నుంచీ చూసిన మనిషిని, పైఅధికారులు ఆయన్ని ఆ చోటి నుంచి తీసేసినప్పుడు వంతెన బోసిపోయిందని ఏడ్చింది, నిజమే, వంతెన గురించే ఏడ్చింది, కటకటాలు, దీపస్తంభం, మావయ్య, తన కళ్ళకి ఆయన అందులో ఒకటి, బాగా ఎరిగిన మనిషిని చూడనక్కర్లేదనుకున్న కళ్ళు ఇవి, కెమెరాల తప్పు కాదు, దూరం తప్పు కాదు, ఆ చోట తను మనిషిని చూడలేదు, అంతే. వంతెన దించాలి, జనం ఎదురుచూస్తున్నారు, నీంకె ముందుకి వంగి, రోడ్డు మీద ఆయన ఎప్పుడూ నిలబడే ఆ జానెడు చోటుని, అరిగి నున్నబడిన ఆ రాళ్ళని, తేరిపార చూసింది, ఊబెలె మావయ్య అక్కడ లేడు అని పైకే అంది, ఆ తర్వాత ఖాళీ అంది.