అమ్మ చెప్పింది బెల్లం సంగతి

సియెమ్ రీప్‌లో నది ఒడ్డున ఉన్న ఒక చిన్న బసలో నిమొల్ పనేమిటంటే, వచ్చినవాళ్ళకి గుళ్ళు తిరిగే దారి వేసిపెట్టడం. ఎవరికి ఎండ పడదో, ఎవరికి మెట్లెక్కే ఓపిక లేదో నాలుగు మాటల్లో కనిపెట్టేసేది. అంగ్‌కోర్ వాట్ దగ్గర సూర్యోదయం చూసినవాళ్ళని నేరుగా బయోన్‌కి పంపేది కాదు. అక్కడ జనం విరగబడి ఉంటారు కాబట్టి ముందు తా ప్రోమ్‌కి పంపేది. మర్నాడు ఊరి బయటికి: బాంతియే స్రెయ్ గుడి, దాని అవతల ఏటి రాళ్ళలో లింగాలు చెక్కిన క్బాల్ స్పియన్ కొండ, ఇంకా ఓపికుంటే కులెన్ జలపాతం.

తాటి నీరా బాగా దిగే ఎండల రోజులవి. ఒక విదేశీ జంట ఆమె బల్ల ముందు కూర్చుని, మొదటి రోజు ఆమె చెప్పినట్టే ఒప్పుకున్నారు. రెండో రోజు సంగతి వచ్చేసరికి ఆ భార్య అడ్డుకుంది.

"బాంతియే స్రెయ్ దారిలో ఏడిపించే అమ్మ ఉందట కదా? అక్కడ ఆగి తీరాలి."

"ఎవరావిడ?"

"పోల్ పాట్ కాలంలో కూతుర్ని పోగొట్టుకున్నావిడ. తాటిబెల్లం వండుతూ ఆ కథంతా చెబుతుందట. మా స్నేహితులు విని వచ్చాక ఆ రాత్రి భోజనం కూడా చెయ్యలేదు." ఆమె ఫోనులో ఒక ఫొటో చూపించింది.

తలకి గళ్ళ తుండు చుట్టుకుని, చేతిలో పొడవాటి గరిటెతో, పొగలో కళ్ళు చిట్లించి నిలబడ్డ మనిషి నిమొల్ తల్లి యిమ్. పక్కన గైడు చొక్కా వేసుకుని, పెద్దమనిషిలా చేతులు కట్టుకుని ఉన్నవాడు తమ్ముడు రతనక్.

నిమొల్ మొహం మీద నవ్వు చెదరలేదు. ఆ ఉద్యోగంలో నవ్వు ముఖానికి అతుక్కుపోతుంది. "ఆ రోజు అక్కడ ఖాళీ లేదండీ" అని చెప్పి వాళ్ళని కులెన్ కొండకి పంపేసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోను మీద ఫోను చేసింది. వాడు ఎత్తలేదు.

మాలిస్ అనే పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. నిమొల్ కంటే ముందు పుట్టి, ఆ చెడ్డ రోజుల్లో పోల్ పాట్ సైనికులు ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని బత్తంబాంగ్ వైపు పొలం పనులకి తోలినప్పుడు పోయిన పిల్ల. ఎలా పోయిందో తల్లి చెప్పలేదు. అలాంటి పిల్ల ఒకతి ఉండేదన్న సంగతి కూడా పెద్దమ్మ చనిపోయే ముందు చెబితేనే అక్కాతమ్ముళ్ళకి తెలిసింది. పితృదేవతల పండగకి తల్లి గుడి చుట్టూ పిండాలు వేస్తూ, ఒకటి మాత్రం విడిగా, చిన్నదిగా చేసి వేస్తుంది. అది ఎవరికని వీళ్ళు అడగరు. అంతవరకే.

మర్నాడు పొద్దున్నే నిమొల్ బండి తీసింది. దారి పొడుగునా బెల్లం అంగళ్ళే. ప్రతి ఇంటి ముందూ పొయ్యి, మూకుడు, తాటాకు బుట్టలు. తమ ఇంటి ముందు మాత్రం పెద్ద వ్యాను ఆగి ఉంది. పది పన్నెండుమంది బల్లల మీద కూర్చుని, గుడిలో ఉన్నంత నిశ్శబ్దంగా వింటున్నారు. నిమొల్ వెనకగా వెళ్ళి చూరు కింద నిలబడింది.

తల్లి తమ ఖ్మేర్ భాషలో చెబుతోంది. "నీరా దింపిన పూటే వండెయ్యాలి. ఎండెక్కితే పులిసిపోతుంది. అందుకే తాటిచెట్టుకి కట్టే వెదురు గొట్టంలో ఈ బెరడు ముక్క వేస్తాం. చూడండి, ఇది."

ఆమె బెరడు ముక్క ఎత్తి చూపించింది. రతనక్ దాన్ని రెండు చేతులతో అందుకుని ఇంగ్లీషులో చెప్పాడు. "ఈ బెరడే, అంటోంది అమ్మ. తినడానికి మరేమీ లేక నా కూతురికి ఇదే ఉడకబెట్టి పెట్టాను."

నిమొల్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

"మంట ఎక్కువైతే అడుగంటుతుంది, తక్కువైతే గడ్డ కట్టదు. కనిపెట్టుకుని ఉండాలి" అంది తల్లి.

"రాత్రంతా దాని ఒంటి వేడి చూస్తూ కూర్చున్నాను. తెల్లారేసరికి నా ఒళ్ళోనే చల్లబడిపోయింది" అన్నాడు రతనక్. వాడి గొంతు సరిగ్గా ఎక్కడ వణకాలో అక్కడ వణికింది.

ముందు వరసలో ఒకావిడ వెక్కి వెక్కి ఏడుస్తూ లేచి, వెళ్ళి యిమ్‌ని కావలించుకుంది. యిమ్ గరిటె పట్టుకున్న చెయ్యి దూరంగా పెట్టి, రెండో చేత్తో ఆవిడ వీపు తట్టింది. అప్పుడే కూతుర్ని చూసింది.

"వచ్చావా నిమొల్? చూడవే వీళ్ళ అవస్థ! రోజూ ఇదే గోల. పాపం, వాళ్ళ దేశంలో పొయ్యిలు ఉండవేమో, కాస్త పొగకే కళ్ళు ఇలా అయిపోతాయి. ఒరేయ్ రతనా, ఈవిడకి ఓ బెల్లం ముక్క పెట్టరా."

పరాయివాళ్ళ ముందు గొంతు పెంచకూడదన్న అలవాటు ఒక్కటే నిమొల్‌ని అరవకుండా ఆపింది. అందుకని నవ్వు మొహంతోనే, మెల్లగా, వాళ్ళకి తెలియని తమ భాషలో అంది.

"నవ్వుతూ చెబుతున్నాను కాబట్టి వీళ్ళకి తెలీదురా సిగ్గులేనివాడా. చచ్చిపోయిన పిల్లని అమ్ముకుంటున్నావా? అమ్మ నోట్లోంచి వచ్చినట్టు మాలిస్ చావు చెబుతావా? నీ నోరు పడిపోను!"

వాళ్ళకి నిజంగానే తెలియలేదు. తల్లికి తెలిసింది. అక్కడ ఖ్మేర్ వచ్చిన మూడో మనిషి ఆమేనని నిమొల్ కోపంలో మరిచిపోయింది.

గరిటె ఆగింది.

"ఏమన్నావు?" అంది యిమ్. "ఆ పేరు ఎవరు చెప్పారు మీకు? వీడు వీళ్ళకేం చెబుతున్నాడు?"

"అమ్మా, తర్వాత..." అన్నాడు రతనక్.

"నిన్నడగలేదు. నిమొల్, నువ్వు చెప్పు."

నిమొల్ చెప్పింది. బెరడు సంగతి, ఒంటి వేడి సంగతి, ఒళ్ళో చల్లబడటం. ఒక్కో మాటకీ తల్లి మొహం రాయిలా బిగుసుకుపోయింది. మూకుట్లో పాకం అడుగంటి నల్లపొగ లేచింది. ఎవరూ దించలేదు. కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఈ చలికాలం నుంచీ వస్తున్నాయి బళ్ళు. ఇన్నాళ్ళూ నా మొహం చూసి వీళ్ళు ఏడ్చింది దానికా?" అంది యిమ్.

"మరేం చెయ్యమంటావమ్మా?" రతనక్‌కి కూడా కోపం వచ్చింది. "ఈ రోడ్డు మీద అందరిదీ బెల్లమే. నువ్వు చెప్పింది చెప్పినట్టు చెబితే ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. మనింటి ముందు బండి ఎందుకాగాలి? ఈ టూరు కంపెనీ నన్ను ఎందుకు పెట్టుకోవాలి? అయినా, అది నాకూ అక్కే!"

"నువ్వు దాని మొహం చూశావా? దాని మొహం ఎలా ఉండేదో చెప్పు. జుట్టు ఎలా ఉండేదో చెప్పు. అక్కట! ఒంటి మీద గైడు చొక్కా వేసుకుని, నా ఇంటి ముందు నిలబడి, నా కడుపులోది తీసి దారినపోయేవాళ్ళకి పంచిపెట్టి, అక్కంటావా?"

ఆమె గరిటె విసిరికొట్టి, గుడ్డతో మూకుడు అంచు పట్టుకుని, మాడిన పాకమంతా రోడ్డు పక్క దుమ్ములో వంపేసింది. అంత బరువు ఆమె ఒక్కతే ఎలా ఎత్తిందో నిమొల్‌కి అర్థం కాలేదు. తర్వాత బల్లల వైపు తిరిగింది.

"నిమొల్, నేనన్నది అన్నట్టు చెప్పు. ఒక్క మాట కలపకు. నేను మీకు చెప్పింది బెల్లం సంగతి. ఇదిగో, వీడు చెప్పింది వీడి కల్పన. నా పిల్ల ఎలా పోయిందో నాకు తెలుసు. కట్టుకున్నవాడికే చెప్పలేదు, మీకు చెప్పను. మీ ఏడుపు మీరు పట్టుకుపోండి, నాకొద్దు. బెల్లం కావాలంటే కొనుక్కోండి. లేకపోతే బండెక్కండి."

నిమొల్ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతు కూడా వణికింది. అయితే అది ఏడుపు వణుకు కాదు.

ఒకళ్ళిద్దరు సిగ్గుపడి లేచారు. ఇందాక కావలించుకున్నావిడ మాత్రం కదల్లేదు. "నన్ను క్షమించమనండి. కానీ ఇలాంటివి బయటికి చెప్పుకుంటే మనసు తేలికవుతుంది. అసలు ఏం జరిగిందో ఇప్పుడైనా చెప్పమని అడగండి" అంది నిమొల్‌తో, చాలా దయగా.

"ఏమంటోంది?" అని అడిగింది యిమ్.

నిమొల్ ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఖ్మేర్‌లో అంది. "ఏం లేదమ్మా. గుడికి ఇంకా ఎంత దూరమని అడుగుతోంది."

"చాలా దూరం ఉందని చెప్పు. త్వరగా పొమ్మను."

వ్యాను వెళ్ళిపోయింది. రతనక్ అందులోనే వెళ్ళాడు. ఉద్యోగం కదా, బాంతియే స్రెయ్‌లో ఆ ఎర్రరాతి శిల్పాలు వాళ్ళకి చూపించాలి. ఎక్కేముందు తల్లి వైపు చూశాడు కానీ ఆమె అప్పటికే ఇసుకతో మూకుడు తోముతోంది.

ఆ వారంలోనే యిమ్ పొయ్యిని రోడ్డు వైపు నుంచి పెకలించి ఇంటి వెనక కట్టుకుంది. బెల్లం సంతకి పంపడం మొదలెట్టింది. అయినా ఆ కథ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వచ్చి, పెరట్లోకి తొంగిచూసి, ఆమె గరిటె ఎత్తితే వెనక్కి తగ్గేవారు. బసలో కూడా అప్పుడప్పుడూ ఎవరో అడిగేవాళ్ళు. అలాంటివాళ్ళకి నిమొల్ ఆ రోడ్డే లేకుండా దారి వేసేది. బాంతియే స్రెయ్ చూడాలని ఎంత బతిమాలినా, అటు వద్దు, కో కెర్ గుళ్ళకి వెళ్ళండి అనేది. నవ్వుతూ చెబుతుంటే దవడలు నొప్పిపుట్టేవి.

ఎండాకాలంలో వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరం పండగ మూడో రోజున రతనక్ ఇంటికొచ్చాడు. ఆ రోజు పిల్లలు తల్లిదండ్రులకి పూల నీళ్ళతో స్నానం చేయించి క్షమాపణ అడగాలి. యిమ్ వాడితో అప్పటిదాకా మాట్లాడలేదు. వచ్చి మెట్టు మీద కూర్చుంది. వాడు భుజాల మీద నీళ్ళు పోశాడు. నిమొల్ కూడా పోసింది.

"ఇప్పుడు చెప్పు" అంది యిమ్, వాడి వైపు చూడకుండానే. "ఆ బళ్ళవాళ్ళకి చెప్పిందంతా, మొదటి నుంచి. మన భాషలో."

"వద్దమ్మా."

"వాళ్ళకి చెప్పగలిగావు. నాకు చెప్పలేవా?"

వాడు చెప్పాడు. ఇంగ్లీషులో అంత నున్నగా దొర్లిన మాటలు ఖ్మేర్‌లో ఒక్కొక్కటీ ఆగి ఆగి వచ్చాయి. బెరడు దగ్గర ఆగిపోతే, "ఊఁ" అంది తల్లి. ఒళ్ళో చల్లబడటం దగ్గర ఏడ్చేశాడు. "ఊఁ, తర్వాత?" అంది ఆమె. చివరిదాకా చెప్పించింది. అవుననలేదు, కాదనలేదు. పూలరేకులు అంటుకున్న తడి బట్టలతో లేచి, "ఇంకెప్పుడైనా ఎవరికైనా చెప్పావో, నీకు ఈ ఇల్లు లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

రతనక్ ఆ కంపెనీ మానేశాడు. ఇప్పుడు వేరేవాళ్ళ దగ్గర కో కెర్ వైపు బళ్ళు తీసుకెళతాడు, పండగలకి ఇంటికి వస్తాడు. నిమొల్‌కి వాడి మీద కోపం పూర్తిగా పోలేదు. తన మీద తనకి ఉన్నది అసలే పోలేదు. ఆ పండగ రోజు తమ్ముడు చెబుతున్నంతసేపూ, అమ్మ ఎక్కడ "కాదు" అంటుందా అని, ఆ బళ్ళవాళ్ళలాగే తను కూడా ఊపిరి బిగపట్టి వింది.